చల్లారిన కాఫీ కోసం ఏ గ్లాసు పొయ్యెక్కాలి?

కాఫీ కలిపి గ్లాసులో పోసుకోగానే ఫోన్ మోగుతుంది, లేదంటే గేటు దగ్గర కొరియర్ అబ్బాయి పిలుస్తాడు. తిరిగొచ్చేసరికి పైన మీగడ తరక కట్టి ఉంటుంది. పారబోయడానికి చేతులు రావు. మైక్రోవేవ్ లేని ఇంట్లోనో, కరెంటు పోయిన పూటో ఆ గ్లాసునే తీసుకెళ్లి స్టవ్ మీద పెట్టేస్తుంటారు. గ్యాస్ ఆదా అవుతుందని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. ఇంకో గిన్నె తోమాల్సి వస్తుందన్న బద్ధకమే అసలు సంగతి. బద్ధకం పెద్ద నేరమేమీ కాదు. కాకపోతే కొన్ని గ్లాసులతో ఈ పని చేస్తే ఫరవాలేదు, కొన్నిటితో చేస్తే గ్లాసు పాడవుతుంది, ఒకటి రెండు రకాలతో చేస్తే ప్రమాదమే.

చిక్కంతా ఒక్కచోట ఉంది. తాగడానికి బాగుండే కప్పు వేడిని లోపలే పట్టి ఉంచాలి, చేతికి కాలకూడదు, అంచు పెదవిని చురుక్కుమనిపించకూడదు, చేతిలో ఇమిడేంత సన్నగా ఉండాలి. పొయ్యి మీద పెట్టే గిన్నెకు కావలసినవి దాదాపు అన్నీ దీనికి ఎదురు. బయటి వేడి త్వరగా లోపలికి దిగాలి, అడుగు వెడల్పుగా ఉండాలి, పట్టుకునే చోటు మంటకు దూరంగా ఉండాలి. అంటే తాగడానికి ఎంత మంచి కప్పయితే, పొయ్యి మీద అంత పనికిరానిదవుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఏ షాపులో ఏ కప్పు చూసినా దాని జాతకం చెప్పేయొచ్చు.

ముందు గ్యాస్ లెక్క తేల్చేద్దాం. ఒక గ్లాసు కాఫీ అంటే సుమారు 150 మిల్లీలీటర్లు. దాన్ని 30 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు తేవడానికి దాదాపు 22 కిలోజౌళ్ల వేడి చాలు. వంటగ్యాస్ ఒక గ్రాము కాలితే సుమారు 46 కిలోజౌళ్లు వస్తుంది. సగానికి పైగా వేడి గాలిలో కలిసిపోయిందనుకున్నా ఖర్చయ్యేది ఒకటి, ఒకటిన్నర గ్రాములు. 14.2 కిలోల సిలిండర్‌లో అది లెక్కలోకి రాదు. కాబట్టి గిన్నె ఎంచుకునేటప్పుడు గ్యాస్ గురించి టెన్షన్ అక్కర్లేదు. ఆలోచించాల్సింది కాఫీ రుచి గురించి, గిన్నె ఆయుష్షు గురించి, వేళ్ల గురించి.

ఇక మంట మీద జరిగేది ఏమిటంటే, గిన్నె గోడకు లోపలివైపు కాఫీ తగులుతున్నంత మేర ఆ గోడ వంద డిగ్రీలకు మించి పెద్దగా పెరగదు. వచ్చిన వేడిని వచ్చినట్టే కాఫీ లాగేసుకుంటుంది. కాఫీ మట్టానికి పైన ఖాళీగా ఉన్న గోడకు ఆ రక్షణ లేదు. మంట పక్కల నుంచి పాకి ఆ ఖాళీ గోడను తాకితే కొద్ది సెకన్లలోనే అది రెండు మూడు వందల డిగ్రీలకు పోతుంది. గ్లాసులు పాడైపోయేది, పెదవులు కాలేది, అంచు దగ్గర కాఫీ మాడి వాసన పట్టేది ఎక్కువగా ఈ పొడి గోడ వల్లే.

మామూలు స్టీలు గ్లాసును చూస్తే ఇది అర్థమవుతుంది. చిన్న కాఫీ గ్లాసు అడుగు నాలుగైదు సెంటీమీటర్లకు మించదు. చిన్న బర్నర్‌ని సిమ్‌లో పెట్టినా మంట చక్రం దాదాపు అంతే ఉంటుంది, కొంచెం పెంచితే గ్లాసు పక్కల నుంచి నాలుకలు పైకి లేస్తాయి. సగం గ్లాసు కాఫీని అలా వేడి చేశాక లోపలి గోడను గమనిస్తే కాఫీ మట్టం ఉన్నచోట గోధుమరంగు గీత ఒకటి అంటుకుని ఉంటుంది. గోడకు పట్టిన పాలు అక్కడ మాడిపోయాయి. బయటివైపు అదే ఎత్తు నుంచి పైకి లేత పసుపు, దాని పక్కన నీలం, ఊదా కలిసిన చారలు కనిపిస్తాయి. అది మసి కాదు, పీచుతో ఎంత రుద్దినా పోదు. వేడికి స్టీలు మీది ఆక్సైడ్ పొర మందమైతే వెలుగు అలా రంగులుగా కనిపిస్తుంది. లేత పసుపు రావాలంటేనే లోహం సుమారు 300 డిగ్రీలు చూసి ఉండాలి, నీలం, ఊదాలకు ఇంకా ఎక్కువ. నిమ్మచెక్కతోనో వెనిగర్‌తోనో రుద్దితే చాలావరకు పోతుంది, ఆరోగ్యానికి హానీ లేదు. అయితే తాగేటప్పుడు పెదవి ఆనేది సరిగ్గా అక్కడే. గ్లాసులోని కాఫీ గోరువెచ్చగానే ఉండొచ్చు, అంచు మాత్రం బొబ్బ ఎక్కించేంత వేడిగా ఉంటుంది.

దీనికి తోడు నిలబడే సమస్య. నాలుగు కాళ్ల స్టాండు పెద్ద గిన్నెల కోసం చేసింది. చిన్న గ్లాసు ఆ కాళ్ల మధ్య సందులో ఒరిగిపోతుంది. పుల్కాలు కాల్చే జాలీని స్టాండు మీద వేసి దాని మీద గ్లాసు పెడితే ఆ బెడద తప్పుతుంది, మంట కూడా ఒకేచోట తగలకుండా కాస్త పరుచుకుంటుంది. స్టీలు గ్లాసునే పెట్టి తీరాలనుకునేవాళ్లకు జాలీ తప్పనిసరి అనుకోవాలి. గ్లాసు ఒకే పొర స్టీలుదై ఉండాలి, ముప్పావు వంతు నిండి ఉండాలి, మంట అడుగు దాటి బయటికి రాకూడదు, దించాక దవరాలో పోసుకునే తాగాలి. ఈ నాలుగూ కుదిరితే ఫరవాలేదు. ఒక్కటి తప్పినా గిన్నె తీయడమే సుఖం.

ఎంత గిన్నె తీయాలన్నది కూడా కొలతతో తేలేదే. 150 మిల్లీలీటర్ల కాఫీ 5 సెంటీమీటర్ల వెడల్పున్న గ్లాసులో ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తుకు వస్తుంది. అడుగున సలసల మరుగుతున్నా పైన ఇంకా చల్లగానే ఉండొచ్చు. అదే కాఫీని 20 సెంటీమీటర్ల పాల గిన్నెలో పోస్తే అర సెంటీమీటరు కూడా ఉండదు. గరిటె తిప్పేలోపే అడుగంటుతుంది, నీరు ఆవిరై కాఫీ చిక్కబడుతుంది, వాసనంతా గాల్లోకి పోతుంది. 10 సెంటీమీటర్ల అడుగున్న గిన్నెలో రెండు సెంటీమీటర్ల లోతు వస్తుంది. ఒక గ్లాసు కాఫీకి అదే సరైన కొలత. మంట అడుగు దాటదు, పొంగడానికి పైన చోటుంటుంది, ఒక నిమిషంలో పని అయిపోతుంది. ఇంట్లో ముగ్గురి కాఫీ కలిపి వేడి చేయాలంటే లెక్క మారుతుంది, అప్పుడు మామూలు టీ గిన్నే తగినది.

ఇక దేనితో చేసిన గిన్నె అన్న ప్రశ్న. స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని పాకనివ్వడంలో అంత చురుకైంది కాదు. ఇత్తడి దానికంటే ఆరేడు రెట్లు, అల్యూమినియం పది రెట్లకు పైగా, రాగి ఇరవై రెట్లకు పైగా వేగం. అందుకే పలచటి స్టీలు గిన్నెలో మంట తగిలిన చోట మాత్రమే పాలు గుండ్రంగా మాడతాయి, పక్కనే చల్లగా ఉంటుంది. అయినా కాఫీకి స్టీలే మేలు. దేనితోనూ కలవదు, రుచి మార్చదు, తోమడం తేలిక. దాని మందకొడితనాన్ని సిమ్ మంట, ఒక చెంచా తిప్పడం సరిచేస్తాయి. అడుగున రాగి ఉన్న స్టీలు గిన్నె కొనేటప్పుడు ఆ రాగి మందం చూడాలి. అందానికి వేసిన పలచటి పూతయితే రాగి వల్ల ఒరిగేది ఏమీ లేదు.

స్టీలులోనే అసలు ప్రమాదం ఒకటి దాక్కుని ఉంది. పిడితో, రెండు పొరలతో వచ్చే స్టీలు కాఫీ కప్పులు ఇప్పుడు ఇంటింటా ఉన్నాయి. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో బహుమతిగా వస్తాయి. చూడటానికి పెద్దగా ఉంటాయి, పోస్తే మాత్రం కాఫీ తక్కువ పడుతుంది. వేడి కాఫీ పోసినా బయట పట్టుకోవచ్చు. ఈ రెండు గుర్తులూ ఉంటే అది రెండు పొరలదే. ఆ పొరల మధ్య గాలి మూసుకుపోయి ఉంటుంది. మూసిన గాలిని 27 డిగ్రీల నుంచి 327 డిగ్రీలకు వేడి చేస్తే దాని ఒత్తిడి రెట్టింపవుతుంది. పైగా మంట తగిలే బయటి పొరకు కాఫీ ఎక్కడా ఆనదు కాబట్టి ఆ పొర మొత్తం పొడి గోడే. అంత వేడికి చేరడం దానికి నిమిషాల పని. లోపల కాఫీ చల్లగానే ఉంటుంది కాబట్టి ‘ఇంకా కాగలేదు’ అని మంట పెంచుతారు. అతుకు విడిపోవచ్చు, అడుగు ఉబ్బొచ్చు, అతుకు ఒక్కసారిగా ఊడితే కాఫీ మీదకి ఎగజిమ్మొచ్చు. గాలి తీసేసిన ఫ్లాస్కు మగ్గులైనా అంతే, వాటి అతుకులు, రంగులు, అడుగున ఉండే ప్లాస్టిక్ మంట కోసం చేసినవి కావు. ఈ రకాన్ని ఏ షరతుతోనూ, ఏ జాలీ మీదా స్టవ్ ఎక్కించకూడదు.

ఇత్తడి దవరా గ్లాసుల మోజు మళ్లీ వచ్చింది. పాతకాలపు ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి ఉండేది. నవసారం చల్లి, తగరం కరిగించి, దూదితో తుడుస్తూ కళాయి వేసేవాళ్లు వీధుల్లో తిరిగేవారు. కాఫీ కాస్త ఆమ్ల గుణం ఉన్న పానీయం. కళాయి లేని ఇత్తడిలో నిలవుంచి కాస్తే రాగి అందులోకి దిగుతుంది. సరిగ్గా కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో వండిన ఆహారం తినడానికి తగదని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు కూడా స్పష్టంగా చెప్పాయి. అలాగని కళాయి ఉంటే నిశ్చింతగా మంట మీద పెట్టేయొచ్చా? తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. కాఫీ ఉన్నంత మేర ఏమీ కాదు. పైన ఖాళీగా ఉన్న చోట మంట పాకితే తగరం మెత్తబడి చారలుగా జారుతుంది, కిందనుంచి పసుపు ఇత్తడి బయటపడుతుంది. గ్లాసు మరిచిపోయి కాఫీ ఇగిరిపోతే మొత్తం కళాయి పోయినట్టే. ఆన్‌లైన్‌లో మెరిసిపోతూ అమ్మే కొత్త ఇత్తడి సెట్లలో చాలావాటికి మెరుపు నిలవడానికి బయట లక్క లాంటి పూత ఒకటి వేస్తారు. అది మంటకు మాడి కంపు కొడుతుంది. ఇత్తడి దవరాలో తాగితే కలిగే ఆనందం ఎవరూ కాదనలేరు కానీ, దాన్ని పొయ్యికి దూరంగా ఉంచడమే దానికిచ్చే మర్యాద.

సిల్వర్ గిన్నెలని కూడా పిలిచే అల్యూమినియం గిన్నెలు వేడికి చురుకే, ధరా తక్కువే. కాఫీని నిమిషం వేడి చేసి వంచేస్తే ఇబ్బంది ఉండదు. అందులోనే గంటలు ఉంచడం మాత్రం మంచిది కాదు. ఎనామిల్ మగ్గులు మన ఇళ్లలో ఒకప్పుడు ఉండేవి, ఇప్పుడు ట్రెక్కింగ్ వెళ్లేవాళ్ల దగ్గర కనిపిస్తాయి. ఇనుము మీద గాజు పూసినట్టు ఉండే ఈ మగ్గును నేరుగా మంట మీద పెట్టొచ్చు, అందులోనే తాగొచ్చు. రెండు పనులూ చేయగలిగిన కప్పు ఏదైనా ఉందంటే అదే. పెచ్చు ఊడి తుప్పు పట్టిందా, పక్కన పెట్టేయాలి. అదే 2011 నిబంధనలు తుప్పుపట్టిన ఎనామిల్ పాత్రల్నీ వద్దన్నాయి.

గాజు, పింగాణి గురించి చాలామందికి తెలిసిందే, అయినా ఎందుకు పగులుతాయన్నది చూడాలి. వేడి తగిలిన వైపు సాగుతుంది, తగలని వైపు సాగదు, మధ్యలో చీలుతుంది. మామూలు గాజు డిగ్రీకి పది లక్షల వంతుల్లో సుమారు 9 వంతులు సాగితే, బోరోసిలికేట్ గాజు 3.3 వంతులే సాగుతుంది. 19వ శతాబ్దం చివర జర్మనీలో ఓటో షాట్ రూపొందించిన ఈ గాజుతోనే ప్రయోగశాల బీకర్లు చేస్తారు. ఆ బీకర్‌ని కూడా కాలేజీ ల్యాబుల్లో బున్సెన్ బర్నర్ మీద నేరుగా పెట్టరు, మధ్యలో తీగల జాలీ వేస్తారు. దళసరి బోరోసిలికేట్ కప్పు మీద ‘మైక్రోవేవ్ సేఫ్’ అని రాసి ఉంటే అది మంట సంగతి చెప్పడం లేదు.

పింగాణి కప్పు పగిలిపోతే, మట్టి కుండ మాత్రం కట్టెల పొయ్యి మీద గంటలకొద్దీ ఎలా నిలుస్తుందన్న సందేహం సహజం. రెండూ మట్టే కదా. తేడా కాల్చడంలో ఉంది. పింగాణిని పన్నెండు వందల డిగ్రీలు దాటే వేడిలో గాజులా గట్టిపడేదాకా కాలుస్తారు. అందులో ఒక చీలిక మొదలైతే అడ్డు లేకుండా చివరిదాకా పోతుంది. కుండ తక్కువ వేడిలో కాలింది, ఒళ్లంతా సన్న రంధ్రాలు, మట్టిలో ఇసుక కలిపి ఉంటుంది. చీలిక మొదలైనా ఆ రంధ్రం దగ్గరో ఇసుక రేణువు దగ్గరో ఆగిపోతుంది. అడుగు గుండ్రంగా ఉండి మూలలు లేకపోవడం కూడా కలిసొస్తుంది. కుమ్మరి చేతికి తెలిసిన ఈ విద్య కప్పుల ఫ్యాక్టరీకి అవసరం లేదు, ఎందుకంటే అక్కడ చేసేది పొయ్యి కోసం కాదు.

పింగాణి కప్పులోనే కాఫీ వేడెక్కాలని పట్టుదల ఉంటే దారి ఒకటుంది. వెడల్పు గిన్నెలో రెండు మూడు వేళ్ల లోతు నీళ్లు పోసి, అడుగున మడిచిన గుడ్డ వేసి, కప్పును చల్లటి నీళ్లలోనే నిలబెట్టి సిమ్‌లో కాయాలి. నీళ్లతో పాటు కప్పు మెల్లగా వేడెక్కుతుంది, ఎంత మరిచిపోయినా నీళ్లున్నంతసేపు వంద డిగ్రీలు దాటదు. ఐదారు నిమిషాలు పట్టొచ్చు. పాలు అడుగంటవు. పైగా ఆ నీళ్ల గిన్నెను తోమక్కర్లేదు, వంచేస్తే చాలు. కాఫీ హోటళ్లలో డికాక్షన్ పాత్రను వేడినీళ్లలో నిలబెట్టేది ఈ సూత్రం మీదే.

పట్టుకునే సంగతికొస్తే, మసిగుడ్డతో గ్లాసు అంచు పట్టుకుని దించడం, పట్టకారుతో సన్నటి గ్లాసును పట్టి వంచడం రెండూ కాఫీ ఒలికే పనులే. గుండ్రటి గ్లాసు పట్టకారులో తిరిగిపోతుంది. చిన్న గిన్నెకు పొడుగు కాడ కావాలి. టర్కీలో కాఫీ కాచే జెజ్వేను చూస్తే అడుగు వెడల్పు, మెడ సన్నం, పొడుగాటి కాడ, రాగి మీద తగరం పూత. ఒక్క కప్పు కాఫీ మంట మీద పెట్టాల్సిన జనం శతాబ్దాల కిందటే తేల్చుకున్న ఆకారం అది. మన వంటింట్లో దానికి దగ్గరి చుట్టం తాలింపు గిన్నె. కొలత సరిపోతుంది, కాడ ఉంటుంది, మంటకు భయపడదు. కానీ అందులో రోజూ ఆవాలు, ఇంగువ వేగుతాయి. ఎంత తోమినా ఇంగువ వాసన వదలదు, ఇంగువ కాఫీ ఎవరికీ నచ్చదు. కాబట్టి అలాంటిదే ఇంకొకటి, సమంగా ఉండే అడుగుతో, అంచున వంచడానికి చిన్న మూతి ఉన్నది కొని కాఫీకే ప్రత్యేకంగా ఉంచుకోవడం మేలు. ఇంట్లో మిగతావాళ్లు దాన్ని పోపుకు వాడకుండా చూసుకోవడం వేరే పోరాటం.

ఇండక్షన్ స్టవ్ ఉన్నవాళ్లకు ముందుగా అయస్కాంతం కావాలి. ఫ్రిజ్ మీద అంటించే బొమ్మ చాలు. గిన్నె అడుగుకు గట్టిగా అతుక్కుంటేనే పని చేస్తుంది. మంచి స్టీలుగా పేరున్న 304 రకానికి అయస్కాంతం సరిగా అతుక్కోదు, ఇత్తడి, అల్యూమినియంలకు అసలే అతుక్కోదు. అడుగు మరీ చిన్నదైతే అయస్కాంతం అతుక్కున్నా చాలా ఇండక్షన్ స్టవ్‌లు గిన్నె లేదనుకుని ఆగిపోతాయి. వాటి మీద సాధారణంగా 12 సెంటీమీటర్ల అడుగైనా ఉండాలి. అమెరికాలో అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగువాళ్లకు గాజు పలక మీద ఎర్రగా కాలే ఎలక్ట్రిక్ స్టవ్ ఉంటుంది. మంట లేదు కదా అని పింగాణి మగ్గు పెట్టేస్తుంటారు. కప్పు అడుగున గుండ్రంగా ఉండే అంచు మాత్రమే పలకను తాకుతుంది, వేడంతా ఆ అంచు మీదే పడుతుంది, పగుళ్లకు అంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

గిన్నె కుదిరాక మంట ఎప్పుడు ఆపాలన్నది మిగిలింది. పాలు 70 డిగ్రీలు దాటేసరికి వాటిలోని ప్రోటీన్ విచ్చుకుని పైన పొరలా కడుతుంది. ఆ పొర కింద ఆవిరి చేరి ఒక్కసారిగా పొంగుతుంది. సన్నటి గ్లాసులో ఆ పొంగుకు చోటుండదు, బర్నర్ రంధ్రాల్లోకి కాఫీ పోయి మంట పసుపుగా మారుతుంది. కాఫీలోని క్లోరోజెనిక్ ఆమ్లాలు వేడి మీద ఎక్కువసేపు ఉంటే విడిపోయి చేదు, పులుపు పెంచుతాయి. మరిగించిన కాఫీ ‘కాగిన వాసన’ కొట్టేది అందుకే. అంచు చుట్టూ సన్న బుడగలు కనపడగానే ఆపేయాలి, నిజానికి తాగే వేడి అప్పటికే దాటిపోయి ఉంటుంది. 65 డిగ్రీలు దాటిన పానీయాలు తాగడం అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో వర్గీకరించింది. అదే సమీక్షలో కాఫీని మాత్రం అనుమానిత జాబితాలోంచి తీసేసింది. తప్పు కాఫీది కాదు, పొగలు కక్కే వేడిది.

ఎంతసేపటి కాఫీ అన్నది కూడా చూసుకోవాలి. పాలు కలిపిన దేన్నైనా రెండు గంటలకు మించి బయట ఉంచొద్దని, 32 డిగ్రీలు దాటిన వాతావరణంలో అయితే ఒక గంటే హద్దని అమెరికా వ్యవసాయ శాఖ సూచిస్తుంది. మే నెలలో విజయవాడ వంటింటికి రెండో హద్దే వర్తిస్తుంది. కొన్ని బాక్టీరియా వదిలే విషం మళ్లీ కాచినా పోదు. కొద్దిగా పులిసిన పాలున్న కాఫీ వేడెక్కుతుండగానే విరిగి తరకలు తరకలుగా తేలుతుంది. అలా విరిగిందంటే దాన్ని సింకులో పోసి, ఫిల్టర్‌లో మిగిలిన డికాక్షన్‌కి కొత్తగా పాలు కాచుకోవడమే.